పరుపుకు మనమూ ఒక కొస పడదాం

పసిబిడ్డకు బ్లడ్ క్యాన్సర్ అని డాక్టర్ చెప్పిన రోజున ఆ తల్లిదండ్రుల కాళ్ల కింద భూమి కదిలిపోతుంది. కబురు తెలిసి బంధువులు, సంఘస్తులు ఆస్పత్రికి పరుగున వస్తారు. కాని వారిలో కొందరు ఓదార్పుకు బదులు ఓ ప్రశ్న మోసుకొస్తారు: ‘ఇంట్లో ఏం పాపం జరిగిందో!’ పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు అడిగిందీ ఇదే. అది అతని పాపమూ కాదు, కన్నవారి పాపమూ కాదని యేసుప్రభువు ఆనాడే తేల్చేశాడు (యోహాను 9:1–3). ప్రభువు కొట్టేసిన కేసును మనం తిరగదోడటం ఎందుకు?

పిల్లల్లో ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. ఎముకల మూలుగలో పక్వం కాని తెల్లకణాలు విపరీతంగా పెరిగిపోయే జబ్బు ఇది. అంటువ్యాధి కాదు. 1947–48లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఈ పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనమిచ్చిన మందు అమినోప్టెరిన్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని లెడర్లీ శాస్త్రవేత్తలు తయారు చేసిందే అది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఈ చికిత్సలో నేటికీ వాడుతున్నారు. మంచి వైద్య వసతులున్న దేశాల్లో ఇవాళ నూటికి 80 మందికి పైగా పిల్లలు బతికి బట్టకడుతున్నారు.

అయితే చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. మొదటి నెలలోనే చాలామందికి పరీక్షల్లో జబ్బు కనబడకుండా పోతుంది. బిడ్డ మళ్లీ ఆడుకుంటూ ఉంటాడు. అప్పటికి చేతిలో డబ్బు అయిపోతుంది. ‘స్వస్థత వచ్చేసింది, ఇక మందులెందుకు?’ అని ఎవరో అంటారు. అక్కడే మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. ప్రార్థన తప్పక చేద్దాం. కాని మందు మాన్పించేది విశ్వాసం కాదు. హిజ్కియాకు దేవుడిచ్చిన స్వస్థత వాగ్దానాన్ని వినిపించిన యెషయా ప్రవక్తే అతని పుండుకు అంజూరపు ముద్ద కట్టించాడు (2 రాజులు 20:7).

పక్షవాయువు రోగిని నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి, పరుపుతో సహా యేసు ముందు దించారు (మార్కు 2:3–4). ఈ పరుపుకూ నాలుగు కొసలున్నాయి. ఒకరు ప్లేట్‌లెట్లు ఇవ్వాలి. అవి సుమారు ఐదు రోజులే నిల్వ ఉంటాయి కనుక దాతలు మళ్లీ మళ్లీ కావాలి. మరొకరు ఇంటి దగ్గర మిగిలిన పిల్లల అన్నం, బడి చూడాలి. ఇంకొకరు ఆరోగ్యశ్రీ కాగితాలకు, బస్సు ఛార్జీలకు తోడు నిలవాలి. నాలుగో మనిషి ఓ రాత్రి బిడ్డ పక్కన కూర్చుని తల్లిని నిద్రపోనివ్వాలి. కీమోథెరపీతో ఆ బిడ్డ రోగనిరోధక శక్తి పడిపోతుంది. మనకు జలుబో దగ్గో ఉంటే వార్డుకు వెళ్లకపోవడమే ప్రేమ.

జుట్టు ఎందుకు ఊడిందని బిడ్డ అడిగితే అబద్ధమాడొద్దు. మందుల వల్ల ఊడిందని, మళ్లీ వస్తుందని చెబుదాం.

అన్నీ చేసినా కొందరు పిల్లలు దక్కరు. ఆనాడు కారణాలు వెతకొద్దు. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంత సేపూ స్నేహితులే (యోబు 2:13). తీర్పులు మొదలుపెట్టాకే బాధకులయ్యారు. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘంలో అలాంటి కుటుంబం ఎవరిదో అడిగి తెలుసుకుందాం. ఏ కొస ఖాళీగా ఉందో చూసి పట్టుకుందాం.