కాలువగట్లపై సైకిలు యాత్ర

యాత్ర యనగానే కొండలును, అడవులును, లోయలును మనస్సునకు వచ్చుట సహజము. అరకులోయకో, పాపికొండలకో పోయి వచ్చినవానిచుట్టు తోడివారు చేరి ఆసక్తితో ప్రశ్నింతురు. గుడివాడ నుండి హంసలదీవికి సైకిలుపై పోయి వచ్చితినని యొక బాలుడు చెప్పినచో, "అచ్చట చూచుటకేమున్నది? వరిచేలేగదా!" యని నవ్వుదురు. కృష్ణా డెల్టాలో కొండలు లేవనుట నిజమే. చూడదగినది లేదనుట మాత్రము నిజము కాదు. ఆ సీమను చూచుటకు తగిన వాహనము సైకిలు; తగిన బాట కాలువగట్టు. ఈ బాటను కాపాడుకొనుట ఆ సీమవారి బాధ్యత.

ఈ గట్ల పుట్టుక తెలిసికొనదగినది. 1855వ సంవత్సరమున విజయవాడకడ కృష్ణానదికి అడ్డముగా ఆనకట్ట కట్టుట పూర్తియైనది. 1952లో దానికి గండిపడగా, తరువాత ప్రకాశం బారేజి నిర్మింపబడి 1957లో పూర్తియైనది. నది నుండి వచ్చు నీరు తనంతట తానే చేలలోనికి పారవలెనన్నచో కాలువ చేలకంటె ఎత్తున నుండవలయును. అందుచేత ప్రధానమైన కాలువలను మెరకల వెంట త్రవ్వించిరి; మురుగు కాలువలను పల్లముల వెంట నడిపిరి. కొండలులేని ఆ దేశమున కాలువగట్టే చిన్న కొండయైనది. దానిపై నిలిచినవానికి ఒకవైపున నిండుగా పారు నీరు, ఇంకొకవైపున దిగువనున్న పైరు, దూరమున తాటితోపులు, గుడిగోపురములు ఒక్కసారిగా కానవచ్చును.

రైళ్లును, మోటారుబస్సులును రాకపూర్వము ఈ కాలువలే రహదారులు. బందరు కాలువమీద ధాన్యపు బస్తాలతో పడవలు సాగెడివి. గాలి అనుకూలించినప్పుడు పడవవారు తెరచాప నెత్తెడివారు. అనుకూలింపనప్పుడు మోకును భుజమునకు తగిలించుకొని, గట్టువెంట నడచుచు పడవను లాగెడివారు. నీటిమట్టము మారుచోట్ల లాకులుండెడివి. నేడు పడవల రాకపోకలు లేవు. ఆ కష్టజీవుల పాదములు తీర్చిన బాట మాత్రము చాలచోట్ల మిగిలియున్నది.

శీతకాలమున, వాన వెనుకబట్టి నేల గట్టిపడిన తరువాత, ఈ సీమలో సైకిలు యాత్ర మిగుల సుఖము. తెల్లవారుజామున గుడివాడలో బయలుదేరినవారు పామఱ్ఱు మీదుగా కూచిపూడి చేరుదురు. సిద్ధేంద్రయోగి పేరు నేటికిని స్మరించు నాట్యకారుల గ్రామమది. చేరువనే క్షేత్రయ్యకు జన్మభూమిగా ప్రసిద్ధిగన్న మొవ్వ కలదు. జాతీయపతాక రూపకర్త పింగళి వెంకయ్య పుట్టిన భట్లపెనుమఱ్ఱు కూడ ఆ ప్రాంతముననే యున్నది. ఇంకను దక్షిణమునకు సాగినచో ఘంటసాల వచ్చును. అచ్చటి బౌద్ధస్తూపపు శిథిలములు చూచువారికి, రెండువేల యేండ్లకు పూర్వము ఆ యూరు సముద్రవర్తకులకు పరిచితమన్నమాట నమ్మశక్యమగును. గ్రీకు భూగోళజ్ఞుడు టాలెమీ తన గ్రంథమున పేర్కొన్న కంటకోస్సిల యీ ఘంటసాలయేయని పండితులు గుర్తించిరి.

చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ చేరగానే కృష్ణ రెండు పాయలుగా చీలును. ఆ పాయల నడుమ నున్న భూమియే దివిసీమ. పులిగడ్డవద్ద కాలువ నదిపాయనే దాటి అవనిగడ్డవైపునకు పోవుచున్నది. నదిపైన నది నడచునట్టి ఆ కట్టడమును చూచి, ఇది యెట్లు నిలిచినదని విద్యార్థి యడుగకమానడు.

మోటారులో పోవువారు ఈ యూళ్లనన్నిటిని ఒక్కపూటలో దాటిపోవుదురు. వారికి పలకలపైని పేళ్లు కనబడును; ఊళ్లు కనబడవు. సైకిలువాడు ఒక కిలోమీటరు పోవుటకు వెచ్చించు శక్తి, నడచువాడు వెచ్చించు దానిలో సుమారు అయిదవవంతు మాత్రమే. కావున అతడు అలయకుండ దూరము పోగలడు. కావలసినచోట కాలు నేల నూని నిలువగలడు. కోతకు వచ్చిన వరిలో రైతు మినుములు వెదజల్లుట అతని కంటబడును. వరి కోయుటకు ముందే మినుములు చల్లుటేలయని యడిగినచో, నేలలోని తడి ఆఱిపోకముందే విత్తు మొలకెత్తవలెనని రైతు చెప్పును. ఇట్టి పాఠము గట్టుపైన నిలిచినవానికే లభించును.

అవనిగడ్డ నుండి కోడూరు మీదుగా హంసలదీవికి పోవు కొలది నేల మఱింత పల్లమగును. గాలిలో ఉప్పుదనము తెలియును. చేలు ముగిసి మడ అడవులు కానవచ్చును. బురదలో వేళ్లు పైకి తేలియుండు ఆ చెట్లలో బావురుపిల్లి నివసించును. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన యీ సీమపై విరుచుకొనిపడి, పదివేలమందికి పైగా ప్రాణములు గొన్నది. అంతకు ముందు 1864లో వచ్చిన ఉప్పెన బందరు ప్రాంతమున సుమారు ముప్పదివేలమందిని పొట్టబెట్టుకొన్నది. సముద్రమునకును చేనికిని నడుమ ఎత్తు ఎంత స్వల్పమో, అలల వేగమును తగ్గించు మడచెట్లు ఎంత విలువైనవో సైకిలుపై ఆ దారిని పోయినవానికి వేఱుగ బోధింప నక్కఱలేదు.

ఇంతటి ప్రయోజనముండగా, పిల్లలు సైకిళ్లపై పోవుట తల్లిదండ్రులు ఏల యిష్టపడరు? వారి భయము అకారణము కాదు. బందరు నుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారిమీదను, తీరమువెంట పోవు 216వ జాతీయ రహదారిమీదను లారీలు, కార్లు మహావేగముతో పోవుచున్నవి. ఒక్క 2022వ సంవత్సరముననే భారతదేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. రోడ్డు ప్రమాదకరమని బాలుని యింట కూర్చుండబెట్టుట ఒక మార్గము. ప్రమాదములేని బాటను వానికి చూపుట రెండవ మార్గము. ఈ రెండవదే మేలైనది.

హాలెండు దేశస్థులు ఈ మార్గమునే యెంచుకొనిరి. ఆ దేశము కూడ డెల్టా భూమియే. కాలువలకును గట్లకును పేరుపొందినది. 17వ శతాబ్ది ఆరంభమున ఆ దేశపు వర్తకులు బందరునకు వచ్చి స్థిరపడిరి. పట్టణమునందలి వలందపాలెము వారి పేరు నేటికిని నిలుపుచున్నది. 1971లో హాలెండు రోడ్లపై మూడువేలమందికి పైగా మరణించిరి. వారిలో నాలుగువందలమందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీథులలోనికి వచ్చి ఆందోళన సలిపిరి. క్రమముగా సైకిళ్లకు వేఱుబాటలు ఏర్పడెను. జర్మనీలోని పస్సావు నుండి ఆస్ట్రియా రాజధాని వియన్నా వఱకు డాన్యూబు నదివెంట పోవు సైకిలుబాట కూడ, చాలవఱకు పూర్వము గుఱ్ఱములు పడవలను లాగిన బాటయే. అచ్చటివారు పాతబాటను పాడుచేయక క్రొత్త పనికి వినియోగించుకొనిరి.

కాలువగట్లను కూడ వెడల్పుచేసి మోటారు రోడ్లుగా మార్చినచో ప్రయాణము త్వరగా సాగునుగదాయని కొందఱందురు. వారు రెండు సంగతులు మఱచుచున్నారు. గట్టు మట్టితో కట్టినది. బరువైన లారీలు నిత్యము తిరిగినచో క్రుంగును, గండిపడును. గండిపడినచో నష్టము రైతుది. రెండవది, త్వరగా పోవుటకు రోడ్లు ఇప్పటికే యున్నవి. నిర్భయముగా పోవుటకే లేవు.

అట్లని రైతుల ట్రాక్టరును, బండిని గట్టుపైకి రానీయరాదనుట న్యాయము కాదు. పంటకాలమున వాని హక్కే ముందు. తక్కిన బరువు వాహనములను ఆపినచో చాలును. ఆక్రమణలు తొలగింపవలయును, తుమ్మకంపలు కొట్టవలయును, పిల్లకాలువలు చీలుచోట సైకిలు దాటుటకు చిన్న వంతెన వేయవలయును, గట్టు బలమునకు హాని లేనిచోట దిగువ అంచున నీడనిచ్చు చెట్లు నాటవలయును. ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. పంచాయతీయు, నీటిపారుదలశాఖయు, పాఠశాలయు కలిసి తలచినచో సాధ్యములే.

సైకిలు పేదవాని వాహనమని చిన్నచూపు చూచువారును కలరు. పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటు సభ్యుడై యుండియు ఢిల్లీలో సైకిలుపైననే సభకు పోయి వచ్చెడివాడు. దానివలన ఆయన గౌరవము పెరిగినదేగాని తరుగలేదు.

ఈ యాత్రలో కష్టములు లేకపోలేదు. సముద్రపు గాలి ఎదురుకొట్టును. వానకాలమున నల్లరేగడి చక్రమును కదలనీయదు. ముల్లు గ్రుచ్చుకొని గాలి పోవును. గట్టు తెగినచోట ఊరిదారి పట్టవలసివచ్చును. కాలువలో దిగరాదు, పెద్దల తోడులేక దూరము పోరాదు. చక్రమునకు అతుకు వేయుట నేర్చినవాడును, దారి తెలియనిచోట వినయముతో అడుగగలవాడును ఈ కష్టములను దాటగలడు.

దూరదేశముల కొండలను చూడ గోరుట తప్పు కాదు. ఇంటివద్ద పారు కాలువ ఎచ్చట పుట్టి, ఎన్ని యూళ్లకు అన్నముపెట్టి, ఎచ్చట కడలి చేరుచున్నదో తెలియకపోవుట మాత్రము లోపమే. ఆ లోపము తీరుటకు ఒక సైకిలును, ఒక ఆదివారమును చాలును. కాని ఆ సైకిలు పోవుటకు గట్టు మిగిలియుండవలయును. ఒకసారి ఆ గట్టున పోయి వచ్చిన బాలబాలికలు, పెద్దవారైన పిదప, దానిని చెడనీయరు.