పవర్ ఆన్ అవుతుంది... మరి పాట?

మా ఇంట్లో ఒక క్యాసెట్ ఉంది. అరవై నిమిషాలది. లేబుల్ మీద మా నాన్న చేతిరాతతో ‘అమ్మ’ అని, దాని కింద 1999 అని ఉంటుంది. అందులో మా మామ్మ పాడిన దంపుళ్ల పాటలున్నాయి. మామ్మ ఇప్పుడు లేదు. ఆ పాటలు రికార్డు చేసిన టేప్‌రికార్డర్ కూడా ఎప్పుడో పాత సామాన్ల బండి ఎక్కేసింది.

కిందటేడాది వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని నాలుగు నెలలు చోడవరంలోనే ఉన్నాను. ఓ సాయంత్రం నాన్న బీరువాలోంచి ఆ క్యాసెట్ తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేశారు. ఏమీ అనలేదు. ఆ రాత్రే సెకండ్ హ్యాండ్ క్యాసెట్ డెక్ కోసం ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను.

మూడో రోజుకి దొరికింది. జపాన్ కంపెనీది. వెండి రంగు, ముందు సూదులు ఊగే రెండు మీటర్లు. ధర 6,500. కింద ఇలా రాసి ఉంది: ‘ఎక్సలెంట్ కండిషన్. పవర్ ఆన్ అవుతుంది. మీటర్ లైట్లు వెలుగుతాయి. మైనర్ స్క్రాచెస్. రేర్ పీస్. బేరాలు వద్దు.’ బేరం సంగతి దేవుడెరుగు, ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమో అని ఐదు నిమిషాల్లో డబ్బులు పంపేశాను. ఆఫీసులో రెండు లైన్ల కోడ్ మార్చాలంటే ఇద్దరికి చూపించుకునే మనిషిని నేను.

పార్సిల్ వచ్చింది. (అడ్రసులో విశాఖ జిల్లా అనే రాశాను. 2022 ఏప్రిల్ నుంచి మాది అనకాపల్లి జిల్లా. చేతికి ఇంకా అలవాటు కాలేదు.) ప్లగ్ పెడితే లైట్లు వెలిగాయి. నాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, మొట్టమొదట పెట్టిన క్యాసెట్టే మామ్మది.

పాట ఎత్తుకుంది. కాసేపటికి గొంతు సాగి, బొంగురుపోయి, ఆగిపోయింది. తలుపు తీస్తే రీలంతా లోపల చుట్టుకుపోయి ఉంది. మెల్లగా లాగి, పెన్సిల్‌తో తిప్పి, మళ్లీ లోపలికి ఎక్కించేసరికి గంట పట్టింది. తెగలేదు కానీ రెండు మీటర్ల మేర నలిగిపోయింది. క్యాసెట్‌లో టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. లెక్కేస్తే నలభై రెండు సెకన్లు. నాన్న “పోన్లేరా” అన్నారు. తిట్టినా బాగుండేది.

డెక్ పట్టుకుని వైజాగ్ బస్సెక్కాను. అక్కడ ఓ పెద్దాయన, పాత సెట్లు బాగుచేస్తారు, మూత విప్పి చూపించారు. టేపుని లాగే ఇరుసు బాగానే తిరుగుతోంది. లాగిన టేపుని చుట్టుకోవాల్సిన చక్రం తిరగట్లేదు. దాని రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోయింది. వాడకుండా ఏళ్ల తరబడి పక్కన పడేసిన డెక్‌లలో ఇది మామూలేనట. నేను ఆవేశంగా ఫోన్ తీసి, ఇంత మోసం చేశాడు చూడండి అని ఆ యాడ్ చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివారు.

“మోసవేటి బాబూ? లైట్లు ఎలుగుతాయని రాసేడు, ఎలిగేయి. పాట పాడతాదని రాసేడేటి?”

తిరుగు బస్సులో ఆ యాడ్ మళ్లీ చదివాను. నిజమే, అందులో ఒక్క అబద్ధం లేదు. ‘ఎక్సలెంట్’, ‘రేర్’ లాంటి విశేషణాలకి కొలత లేదు కాబట్టి అవి నిజమూ కావు, అబద్ధమూ కావు. అమ్మినవాడు స్వయంగా చేసి చూసిన పని ఒక్కటే: స్విచ్ నొక్కడం.

మా ఫీల్డులో వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ‘యాప్ పనిచేయట్లేదు’ అని వచ్చే బగ్ రిపోర్ట్‌కి విలువ లేదు. ఏ ఫోన్లో, ఏ బటన్ నొక్కితే, ఏమైంది అని రాసినదాన్నే నమ్ముతాం. పాత ఆంప్లిఫయర్ యాడ్‌నీ అలాగే చదవాలి. ఏ పాట పెట్టాడు? ఎంతసేపు విన్నాడు? రెండు స్పీకర్లలోనూ వచ్చిందా? వాల్యూమ్ తిప్పుతుంటే గరగర ఉందా? ‘సర్వీస్ చేయించాను’ అంటే ఏం మార్చారు? దుమ్ము దులిపినా సర్వీసే, కెపాసిటర్లు మార్చినా సర్వీసే.

‘మింట్’ అనే మాట ఇంకో తమాషా. ఎల్పీ రికార్డులు కొనేవాళ్ల దగ్గర గోల్డ్‌మైన్ అనే అమెరికన్ పత్రిక పేరు మీద ఒక గ్రేడింగ్ పద్ధతి ఉంది. దాని ప్రకారం మింట్ అంటే ఏ లోపమూ లేనిది. మన యాప్‌లలో మింట్ అంటే ఫొటో తీసేముందు తడిగుడ్డతో తుడిచాను అని.

‘అన్‌టెస్టెడ్’ అని ఉంటే మాత్రం రాసింది ఎవరో చూడండి. తాతగారి వస్తువులు అమ్ముకుంటున్న మనవడైతే నిజంగానే తెలియకపోవచ్చు. అది నిజాయతీయే. అదే మనిషి ప్రొఫైల్‌లో ఇంకో నలభై సెట్లు అమ్మకానికి ఉంటే? ఇంట్లో ఒక్క ప్లగ్ పాయింట్ అయినా లేదా? టెస్ట్ చేసే ఉంటాడు, ఏం తేలిందో రాయలేదంతే.

రాయనివి కొన్ని ఫొటోలో దొరుకుతాయి. వెనక వైపు ఫొటో తప్పకుండా అడగండి. మాలాగా సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊళ్ల నుంచి వచ్చే సెట్లకి స్క్రూల మీద, సాకెట్ల మీద తుప్పు కనిపిస్తుంది. వోల్టేజ్ కూడా అక్కడే రాసి ఉంటుంది. జపాన్‌లో అమ్మకానికి చేసినవి 100 వోల్టులవి. మన 230లో నేరుగా పెడితే నిమిషాల్లో పొగ చూస్తారు. స్పీకర్లయితే గుడ్డ తీసి ఫొటో పెట్టమనండి. కోన్ చుట్టూ ఉండే ఫోమ్ ఏళ్లు గడిస్తే వేలు తగలగానే పొడిపొడిగా రాలిపోతుంది.

జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల గురించి ఒక పేపర్ రాశాడు. తర్వాత, 2001లో, నోబెల్ కూడా వచ్చింది. లోపల ఏముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి కొనేవాడు భయపడి తక్కువే ఇస్తాడు. ఆ ధరకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు. చివరికి మార్కెట్లో డొక్కులే మిగులుతాయి. బీటెక్‌లో మేఫాకి బదులు ఇది చెప్పి ఉంటే ఒక్క క్లాసైనా మెలకువగా వినేవాణ్ణి.

రెండో డెక్ రాజమండ్రి ఆయన దగ్గర కొన్నాను. దీని యాడ్ చదివితే ఎవరికీ కొనబుద్ధి కాదు. ‘ఎడమ చానల్ కొంచెం తక్కువ. తొంభై నిమిషాల క్యాసెట్ చివర్లో రివైండ్ నెమ్మదిస్తుంది. కిందటేడాది బెల్టులు మార్పించాను. ఎజెక్ట్ బటన్ టోపీ లేదు. ఖాళీ క్యాసెట్ లేక రికార్డింగ్ చూడలేదు.’ ధర 9,000. చూడని విషయాన్ని చూడలేదని రాశాడు. ఆ ఒక్క లైన్‌కే సగం నమ్మేశాను. అయినా ఆపకుండా పది నిమిషాలు ఒక క్యాసెట్ తిరుగుతున్న వీడియో అడిగాను. పన్నెండు నిమిషాలది పంపారు. మధ్యలో వాళ్లావిడ “అన్నం చల్లారిపోతోందండీ” అనడం కూడా వినపడింది.

ఈసారి ముందు పాత సినిమా పాటల క్యాసెట్లు రెండు పూర్తిగా తిప్పాను. ఆ తర్వాతే మామ్మది. ప్లే అవుతుండగానే లాప్‌టాప్‌లోకి ఎక్కించేశాను. నలిగిన చోట గొంతు నీళ్లలో మునిగినట్టు లోపలికి వెళ్లి, మళ్లీ పైకి తేలుతుంది. నాన్న ఆ నలభై రెండు సెకన్లూ తల వంచుకుని వింటారు. పక్కనే రోకలి చప్పుడు, ఎవరిదో నవ్వు, పసిపిల్లాడి ఏడుపు. ఆ ఏడుపు నాదేనట.

మొదటి డెక్ మొన్న నేనే అమ్మకానికి పెట్టాను. ‘లైట్లు వెలుగుతాయి. మోటారు తిరుగుతుంది. చుట్టుకునే చక్రం తిరగదు, బెల్టు కరిగిపోయింది. క్యాసెట్ పెడితే రీలు నలుగుతుంది, మాది నలిగింది. 1,500.’ వారం రోజులు ఒక్క మెసేజ్ లేదు. ఎనిమిదో రోజున తుని నుంచి ఒక కుర్రాడు, తనకి స్పేర్ పార్టులు కావాలని, హెడ్ అరిగిందా లేదా అని అడిగాడు. మూత విప్పి, ఫోన్ టార్చ్ వేసి ఫొటో తీసి పంపాను. అరిగిందో లేదో చూసి నువ్వే చెప్పు తమ్ముడూ, నాకు తెలియట్లేదు అన్నాను.