మనం బిగించిన కంప్యూటర్‌కు తాళం ఎవరి చేతిలో?

పోస్టు కొంచెం పొడవైంది, ఓపికతో చదవండి. చదివి తిట్టినా ఫర్వాలేదు.

పటాన్‌చెరులో మా రూములో ఐదుగురం ఉంటాం. నారాయణఖేడ్ వైపు తండాల నుంచి ముగ్గురం, ఆదిలాబాద్ గూడేల నుంచి ఇద్దరం. కొందరిది కంపెనీల్లో కాంట్రాక్టు పని, కొందరిది చదువు. నైట్ షిఫ్టు ఓటీ పైసలు జమచేసి, సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ పార్టులు ఒక్కొక్కటిగా కొన్నం. నాలుగో జనరేషన్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. యూట్యూబ్ చూసుకుంట మేమే బిగించినం.

విండోస్ మాత్రం ఫ్రీగా వస్తుందని క్రాక్ వేసుకున్నం. ఆ క్రాక్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటది. ఆపినం. అంటే దొంగ రాకముందే మేమే తలుపు తీసి పెట్టినం. కొన్ని నెలలకు ఒక రాత్రి ఫైళ్లన్నీ తాళం పడ్డయి. గ్రూప్స్ నోట్స్, మెమోలు, కుల సర్టిఫికెట్ స్కాన్లు ఏవీ తెరుచుకోలేదు. డాలర్లు కట్టమని స్క్రీన్ మీద మెసేజ్. స్కాలర్‌షిప్ గడువు దగ్గర పడ్డ టైంలో డ్యూటీ మానేసి మళ్లీ మీసేవ చుట్టూ తిరిగినం. అందులో మా తప్పు కూడా ఉన్నది, ఒప్పుకుంటున్నం.

ఇంతలో 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. ఒక ఏడాది అదనపు గడువు ఇచ్చినా అది వాయిదా మాత్రమే. విండోస్ 11కేమో ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి, టీపీఎం 2.0 చిప్ ఉండాలంటది. "కొత్తది తీసుకోండి, ఈఎంఐ ఉంది" అని సలహాలు మొదలైనయి. మా కంప్యూటర్‌కు ఏమైంది? ఏం కాలేదు. చెడిపోని వస్తువును పాతదని తేల్చింది ఎక్కడో కూర్చున్న కంపెనీ. మనం అడిగేది ఒక్కటే: పార్టులు మనవి, చెమట మనది, తాళం వాళ్లదెట్లయితది?

అందుకే లినక్స్ మింట్ వేసినం. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. దాని నుంచే నడిపి చూడొచ్చు, నచ్చితేనే లోపల వేయొచ్చు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషన్లకు ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం ఉన్నది. లైసెన్సు డబ్బులు లేవు, క్రాక్ లేదు. వర్డ్ ఫైళ్లు లిబ్రే ఆఫీస్‌లో తెరుచుకుంటయి, ఎప్పుడన్నా కొంచెం అటూ ఇటూ జరుగుతయి అంతే.

"అది ఇంజనీర్లకు, మనకెందుకు" అనేవాళ్లు మన గ్రూపులోనే ఉన్నరు. కంది ఐఐటీ గేటు ముందు నుంచి బస్సులో పోయేటప్పుడు మేం కూడా అట్లే అనుకున్నం. కానీ మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లినక్స్ కెర్నలే. దాన్ని 1991లో మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ అప్పుడు ఫిన్లాండ్‌లో ఒక స్టూడెంటు. కేరళ సర్కారు బడి పిల్లలు ఏళ్ల తరబడి ఈ సాఫ్ట్‌వేర్ మీదనే నేర్చుకుంటున్నరు. మన హైదరాబాద్‌లోనే 'స్వేచ్ఛ' వాళ్లు తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసిండ్రు. పిల్లలు నేర్చుకున్నది మనం నేర్చుకోలేమా?

దీనిలో కష్టాలు లేవని అబద్ధం చెప్పం. అను స్క్రిప్ట్‌తో డీటీపీ చేసేవాళ్లకు, ఆటోక్యాడ్, ట్యాలీ మీద ఉద్యోగం చూసుకునేవాళ్లకు విండోస్ అవసరం పడుతది. ఇక్కడి కంపెనీలు అవే అడుగుతయి. వాళ్లు అసలు లైసెన్సుతో విండోస్ పెట్టుకోండి, పక్కనే లినక్స్ కూడా వేసుకోవచ్చు. మాకు వైఫై పట్టించడానికే రెండు రోజులు పట్టింది. కానీ బ్రౌజింగ్, అప్లికేషన్లు, నోట్స్, పీడీఎఫ్‌లు, కోడింగ్ కోసం దొంగ తాళం ఎందుకు?

అసలు మాట ఇంకోటి. ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎట్లయినా వాడొచ్చు, లోపల చూడొచ్చు, మార్చొచ్చు, పదిమందికి పంచొచ్చు. మసరం గోండి లిపి 2017లో, ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి పేరున్న గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరినయి. రెండిటికీ నోటో ఫాంట్లు ఉచితంగా దొరుకుతయి. రేపు మెనూలు గోండిలో, గోర్ బోలీలో కావాలంటే కంపెనీ మన జనాభా లెక్కపెట్టి, లాభం చూసుకొని దయతలచాలి. ఇక్కడ మనమే కూర్చొని రాసుకోవచ్చు, ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. నీళ్లు, అడవి, భూమి మీద హక్కు అడిగిన మనం, మన మాట రాసుకునే మిషన్ మీద హక్కు వదులుకుందామా?

ఆదివారం మా రూము తెరిచే ఉంటది. ముందుగా మీ ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లో కాపీ పెట్టుకోండి, అది మరిచిపోతే మా లెక్కనే ఏడుస్తరు. ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకొని రండి. వేసి ఇచ్చుడు కాదు, మీ చేతులతో మీరే వేసుకునేటట్టు పక్కన కూర్చుంటం. నేర్చుకున్నోళ్లు తిరిగి తండాకో గూడేనికో పోయినప్పుడు ఇంకొకరి పక్కన కూర్చోవాలి. ఫీజు అంతే.