పుస్తకంలో పేరుంది, రేవు పద్దులో లేదు

కొమ్ముల టేకు చేపలను కాపాడేదెలా?

పొన్నూరు: సముద్ర జీవశాస్త్ర గ్రంథాలలో ఒక చేప పేరు తెలుగు జాలరి నోటినుంచి వచ్చినదే. 'మొబులా ఎరెగూడూ' అన్నది ఆ పేరు. ఇందులో మొదటి మాట శాస్త్రజ్ఞులు పెట్టుకున్న వంశనామం. రెండవది రెండు వందల ఏళ్ళకు పూర్వం తెలుగు తీరంలో జాలరులు పలికిన 'ఎరెగూడు టెంకి' అనే మాటలోని తొలి సగం. టేకు, టెంకి అని మనవాళ్ళు పిలిచే చేపలలో తలపై రెండు కొమ్ములున్న తెగ ఇది. సముద్రంలో అతి పెద్ద టేకు అయిన మాంటా కూడా ఈ వంశంలోనిదే.

పేరుకు ఇంత గౌరవం దక్కింది గాని చేపకు దక్కలేదు. ఈ తెగ చేపలన్నీ ఇప్పుడు అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలోకి చేరాయి. వాటిని కాపాడాలని దేశదేశాల ప్రభుత్వాలు తీర్మానాలు చేస్తున్నాయి. కాగా, అవి ఒడ్డుకు వచ్చే రేవులలో మాత్రం 'టేకు' అనే ఒకే గుట్టలో పడి, ఒకే ధరకు పాడబడి, పేరు లేకుండానే వెళ్ళిపోతున్నాయి. రక్షణకు సంబంధించిన అసలు చిక్కు ఇక్కడే వుంది.

పొన్నూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వారికి సముద్రపు చేప కొత్త కాదు. నిజాంపట్నం రేవు, సూర్యలంక తీరం ఈ పట్టణాలకు గంటా రెండు గంటల ప్రయాణంలో వున్నాయి. కనుక ఈ సమస్య ఎక్కడో దూరదేశపు పగడపు దీవులకు సంబంధించినదని అనుకోవడానికి వీలు లేదు.

రసెల్ దొర రాసుకున్న పేరు

పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780 దశకంలో విశాఖపట్నంలో వున్నాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఈయన పేరే స్థిరపడింది. పాములతో పాటు చేపలను కూడా ఆయన శ్రద్ధగా పరిశీలించాడు. విశాఖ తీరంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో, వర్ణనలతో ఆయన గ్రంథం 1803లో లండన్‌లో అచ్చయింది. చేపలకు స్థానికులు చెప్పిన పేర్లను విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాలలో రాసుకోవడం ఆయన చేసిన గొప్ప మేలు. 'ఎరెగూడు టెంకి' అలా గ్రంథస్థమైంది.

ఆ మాటను తీసుకుని థియొడోర్ కాంటర్ అనే మరో వైద్యుడు 1849లో ఈ చేపకు శాస్త్రీయ నామం ఏర్పరచాడు. తర్వాతి కాలంలో ఈ చేప వేరే జాతియా, లేక ఇటువంటిదే మరొక చేపయా అన్న వాదం వచ్చింది. 2017లో దీనిని ఇంకో జాతిలో కలిపివేశారు. తల కొలతలు, కొమ్ముల పొడవు, ఇతర లక్షణాలు మళ్ళీ సరిచూసి, 2020లో ఇది వేరు జాతియేనని తిరిగి నిలబెట్టారు. మన జాలరులు కంటితో చూసి వేరు చేసిన చేపను శాస్త్రజ్ఞులు ఒకసారి కలిపి, మళ్ళీ వేరు చేయవలసి వచ్చిందన్నమాట. రేవులో పనిచేసే వారి కంటిచూపు ఎంత విలువైనదో దీనినిబట్టి తెలుసుకోవచ్చు.

ఏటికి ఒక పిల్ల కూడా అనుమానమే

టేకులన్నీ ఒకటి కావు. తోకలో విషపు ముల్లుండి అడుగున ఇసుకలో పడుకునేవి వేరు. కొమ్ముల టేకులు వేరు. ఇవి రెక్కలు ఆడిస్తూ నీటిలో ఎగురుతున్నట్టు ఈదుతాయి. తలకు ఇరువైపులా వుండే మెత్తని తమ్మెలను ముందుకు చుట్టినప్పుడు అవి కొమ్ముల్లా కనిపిస్తాయి. ఆ రూపాన్ని చూసే పాశ్చాత్య నావికులు వీటికి దయ్యపు చేప అని పేరు పెట్టారు. నిజానికి మాంటా మనిషి జోలికి రాదు. నోరు తెరచుకుని పోతూ, నీటిలోని సూక్ష్మజీవులను మొప్పల దగ్గరి జల్లెడలతో వడపోసి తింటుంది. సముద్రపు మాంటా రెక్కల వెడల్పు ఏడు మీటర్ల దాకా వుంటుంది. బరువు టన్ను దాటుతుంది. మన పేరు మోస్తున్న ఎరెగూడు టెంకి మాత్రం చిన్నది. రెక్కల కొస నుంచి కొసకు మీటరుకు కొంచెం పైన వుంటుంది. ఇది ఒడ్డుకు దగ్గరి లోతు తక్కువ నీళ్ళలో తిరుగుతుంది గనుక వలలకు మరింత తేలికగా దొరుకుతుంది.

ఇక సంతానం విషయం. కవ్వలు, కానాగంతలు వేలాదిగా గుడ్లు పెడతాయి. సముద్రపు తాబేలు ఒక్కసారి నూరుకు పైగా గుడ్లు పెడుతుంది. మాంటా గుడ్లు పెట్టదు. ఏడాది పాటు మోసి సాధారణంగా ఒకే పిల్లను కంటుంది. మళ్ళీ కనడానికి రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ వరకు పడుతుంది. ఈతకు వచ్చే వయసు రావడానికే పదేళ్ళ దాకా పడుతుంది. నలభై ఏళ్ళు బతికినా జీవితంలో కనే పిల్లలు వేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే. కనుక ఒక పెద్ద ఆడ టేకు వలలో పడిందంటే ఒక చేప పోయినట్టు కాదు, ఒక కుటుంబం పోయినట్టు.

బాపట్ల తీరంలో అటవీ శాఖ వారు తాబేలు గుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతున్నారు. అది మంచి పని. అయితే టేకు విషయంలో ఆ మార్గం లేదు. ఒడ్డుకు రాని చేపకు, గుడ్డు పెట్టని చేపకు పొదుగు కేంద్రం కట్టలేము. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే 61 రోజుల వేట నిషేధం చాలా చేపలకు ఊపిరి పోస్తుంది గాని, ఏడాది పాటు పిల్లను మోసే చేపకు ఆ రెండు నెలలు చాలవు. వలలో పడిన చేపను ప్రాణంతో తిరిగి వదలడమే దీనికి వున్న ముఖ్యమైన మార్గం.

మొప్పల కోసం దూరదేశపు గిరాకీ

ఈ చేప కోసమే వల వేసే వారు మన తీరంలో అరుదు. ఇతర చేపలకు వేసిన వలలో ఇది వచ్చి పడుతుంది. మాంటాలు నిరంతరం ముందుకు ఈదుతూ వుంటేనే మొప్పలకు నీరు అందుతుంది. వలలో చుట్టుకుంటే కదలలేక ఊపిరాడక చనిపోతాయి. కృష్ణా జిల్లా గిలకలదిండి వంటి రేవులలో టన్నుకు పైగా తూగే టేకు వలకు చిక్కిందని, క్రేనుతో ఒడ్డుకు చేర్చారని పత్రికలలో వార్తలు వస్తూనే వున్నాయి. జనం గుమిగూడి చూస్తారు, వేలం జరుగుతుంది, అంతటితో కథ ముగుస్తుంది. అది ఏ జాతి, ఆడదా మగదా, కడుపులో పిల్ల వున్నదా అనే మూడు సంగతులు ఆ వార్తలలో కనిపించడం అరుదు.

దీని మాంసానికి ధర తక్కువే. అయితే ఎండబెట్టిన మొప్పల జల్లెడలకు చైనాలో, ముఖ్యంగా గ్వాంగ్‌జౌ నగరపు బజారులో, మందు దినుసుగా గిరాకీ వుంది. ఇది రోగాలను నయం చేస్తుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. ఆధారం లేని నమ్మకానికి అక్కడ ధర పలికితే, ఇక్కడ సముద్రం ఖాళీ అవుతున్నది.

చట్టం ఎంతవరకు వచ్చింది?

అంతర్జాతీయ వర్తకంపై ఆంక్షలు విధించే సైటిస్ ఒడంబడికలో మాంటాలను 2013లో, తక్కిన కొమ్ముల టేకులను 2016లో రెండవ అనుబంధంలో చేర్చారు. 2025 చివరలో ఉజ్బెకిస్తాన్‌లోని సమర్కండ్‌లో జరిగిన సదస్సు ఈ తెగనంతటినీ మొదటి అనుబంధంలోకి మార్చడానికి నిర్ణయించింది. అంటే దేశాల మధ్య వీటి వ్యాపారం నిషిద్ధమన్నమాట. మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని కూడా 2022లో సవరించి, సైటిస్ జాబితాలోని జీవుల వర్తకాన్ని నియంత్రించే ప్రత్యేక అధ్యాయాన్ని చేర్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది.

ఇదంతా ఓడరేవు దగ్గర ఆపే తాళం. పడవలో జరిగేదాన్ని ఆ తాళం ఆపలేదు. పైగా ఎండిన మొప్ప ఏ జాతిదో తేల్చాలన్నా, ఎంత సరకు బయటకు పోతున్నదో పట్టుకోవాలన్నా ముందుగా ఏ రేవులో ఏ జాతి ఎంత దిగుతున్నదో తెలిసి వుండాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ దేశంలోని రేవులలో నమూనా పద్ధతిపై లెక్కలు తీస్తున్నది. విశాఖపట్నంలో ఆ సంస్థకు ప్రాంతీయ కేంద్రం వుంది. అయితే సాధారణంగా ప్రచురించే లెక్కలలో సొరలు, టేకులు గుంపులుగానే కనిపిస్తాయి. గుంపు మొత్తం నిలకడగా వున్నట్టు కనబడుతుండగానే అందులోని ఒక జాతి నిశ్శబ్దంగా మాయమైపోవచ్చు. రంపం వంటి ముక్కుండే చేప ఇందుకు హెచ్చరిక. దానిని 2001లో రక్షిత జాబితాలో చేర్చారు. ఈనాడు మన జలాలలో అది కంటబడటమే అరుదైపోయింది. చట్టం వచ్చేసరికి చేప వెళ్ళిపోయింది.

మాల్దీవులలో ఒక విధం, మన దగ్గర ఒక విధం

మాంటా పొట్టపై వుండే మచ్చలు మనిషి వేలిముద్రల వంటివి. ఒకదానివి మరొకదానికి వుండవు. మాల్దీవులలో నీళ్ళలో దిగి ఫోటోలు తీసి, వేలాది మాంటాలను ఒక్కొక్కటిగా గుర్తించి నమోదు చేశారు. అక్కడి హనిఫారు అఖాతాన్ని 2009లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మాంటాలను చూడవచ్చే యాత్రికుల వల్ల ప్రపంచం మొత్తం మీద ఏటా 14 కోట్ల డాలర్ల రాబడి వున్నదని 2013లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది.

ఆ పద్ధతిని తెచ్చి ఇక్కడ అతికించబోతే ఫలించదు. కృష్ణమ్మ తెచ్చి పోసే ఒండ్రుతో మన తీరపు నీళ్ళు బురదగా వుంటాయి. నీళ్ళలో దిగి ఫోటో తీయడం కుదరదు. ఇక్కడ పరిశోధనాశాల సముద్రంలో లేదు, రేవు గట్టుమీద వుంది. ఉదయం వేలం పాటకు ముందు కొలబద్ద, ఒక నోటుపుస్తకం, ఒక ఫోను పట్టుకుని నిలబడగలిగితే చాలు. వెడల్పు, ఆడామగా, ఏ వలలో పడింది, ఎంత లోతులో పడింది అన్నవి నాలుగు గడులు. పొన్నూరు, బాపట్ల, రేపల్లె కళాశాలల జంతుశాస్త్ర విద్యార్థులు మత్స్యశాఖ అనుమతితో వారానికొకసారి ఈ పని చేసినా, రెండు మూడేళ్ళలో ఇప్పుడు లేని ఆధారం ఏర్పడుతుంది.

మత్స్యకారుని ప్రశ్న

వలలో పడిన చేపను వదిలితే నా డీజిలు ఖర్చు ఎవరిస్తారన్నది మత్స్యకారుని ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా ఉపన్యాసాలు చెప్పడం న్యాయం కాదు. చిన్న పడవవాడికి ఒక పెద్ద టేకు కొన్ని రోజుల కూలికి సమానం. దానిని వదిలించడానికి వల కోయవలసి వస్తే నష్టం రెండింతలు.

గుజరాత్ దీనికి దారి చూపింది. అక్కడ తిమింగల సొరను విచ్చలవిడిగా వేటాడేవారు. 2001లో ఆ చేపకు చట్టరక్షణ వచ్చింది. 2004 నుంచి గ్రామగ్రామాన ప్రచారం సాగింది. చేపను వదలడానికి వల కోసుకున్న వారికి అటవీ శాఖ పరిహారం ఇవ్వడం మొదలు పెట్టింది. వేటాడిన చేతులే వందలాది సొరలను విడిచిపెట్టాయి. మన రాష్ట్రంలోనూ 2021 డిసెంబరులో విశాఖ సమీపంలోని తంతడి తీరానికి వచ్చిన తిమింగల సొరను అటవీ శాఖ, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. మన వాళ్ళకు మనసు లేక కాదు, ఏర్పాటు లేక చేపలు చస్తున్నాయి.

వేట విరామానికి భృతి ఇచ్చే పద్ధతి మన రాష్ట్రంలో వున్నదే. 2025లో దానిని 20 వేల రూపాయలకు పెంచారు. ఆ పద్దులోనే కోసిన వలకు పరిహారం అనే ఒక గడి చేర్చడం అసాధ్యం కాదు. వదిలినట్టు రుజువుకు ఫోనులో తీసిన ఫోటో చాలు. అందువల్ల మత్స్యకారునికి నష్టం తీరుతుంది, శాస్త్రజ్ఞునికి లెక్క దొరుకుతుంది.

చేపను వదిలే తీరు కూడా నేర్పవలసి వుంది. కొక్కెం గుచ్చి లాగకూడదు. కొమ్ములు పట్టి గాని, మొప్పల సందులో చేయి పెట్టి గాని ఎత్తకూడదు. చిన్నవాటిని ఇద్దరు ముగ్గురు రెక్కల వైపు పట్టుకుని, లేదా గోనెపట్టాలో వేసి, ఆలస్యం లేకుండా నీటిలోకి జార్చాలి. పెద్దవాటిని పడవలోకి ఎక్కించకుండా నీళ్ళలోనే వల కోసి వదలాలి.

మత్స్యశాఖ, అటవీ శాఖ, పరిశోధనా సంస్థ నిజాంపట్నం రేవులో ఒక ఏడాది పాటు ఈ లెక్కను, ఈ పరిహారాన్ని ప్రయోగంగా అమలు చేసి చూడవచ్చు. ఇందుకు కోట్లు అక్కరలేదు. గుట్టలో పడిన చేపను దాని పేరుతో పద్దు రాయడంతో పని మొదలవుతుంది. రెండు శతాబ్దాల కిందట ఆ పేరు చెప్పినది తెలుగు జాలరులే. వారి మనుమల మనుమలకు ఆ పేరు మిగిలి, చేప మిగలకపోయే స్థితి రాకుండా అధికారులు ఇప్పుడే పూనుకోవలసి వుంది.