మన ఊరి మీద చేసిన పరిశోధన మన ఊరికి చేరాలి

పర్యావరణ విధానం, నిర్వహణ వంటి కోర్సుల్లో పీజీ చదివే విద్యార్థులు ఆఖరున ఒక డిసర్టేషన్ రాయాలి. అందుకోసం చాలామంది ఊళ్లకు వస్తున్నారు. బోరు ఎంత లోతు, వరికి ఎన్ని తడులు, ఎకరానికి యూరియా ఎన్ని బస్తాలు అని అడుగుతారు. పని ఆపుకొని కూర్చుని చెబుతాం. వాళ్లు రాసుకొని వెళ్తారు. పట్టా చేతికొస్తుంది. మన గురించి ఏం రాశారో మాత్రం మనకు తెలియదు.

వాళ్లు రావద్దని మేము అనడం లేదు. వాళ్లలో చాలామంది రైతుబిడ్డలే. పైగా ఇవాళ ప్రశ్నల కాగితం పట్టుకొచ్చిన పిల్లలే రేపు ప్రభుత్వ శాఖల్లో, సలహా సంస్థల్లో కూర్చుని నీళ్ల మీద, ఎరువుల మీద, కరెంటు మీద విధానాలు రాస్తారు. అప్పుడు వాళ్ల తలలో ఉండే రైతు ఎవరన్నది ఈ మొదటి పరిశోధనతోనే చాలావరకు తేలిపోతుంది. అందుకే ఇది మన సంఘం పట్టించుకోవాల్సిన విషయం.

మొదటి సమస్య కాలం. డిసర్టేషన్‌కు దొరికేది సాధారణంగా మూడు నాలుగు నెలలు. మన దగ్గర చదివేవాళ్లు ఎక్కువగా ఆఖరి సెమిస్టరులో, అంటే కోతలయ్యాక ఎండాకాలంలో వస్తారు. బ్రిటన్‌లో ఏడాది కోర్సు చేసే మన పిల్లలు జూన్‌లో మొదలుపెట్టి సెప్టెంబరుకల్లా ముగించాలి. విత్తనం నుంచి అమ్మకం దాకా ఒక్క పంటకాలమైనా కళ్లారా చూసే వీలుండదు. నిరుడు ఎన్ని తడులు పెట్టావని అడిగితే రైతు గుర్తున్నంత చెబుతాడు. ఆ ఉజ్జాయింపే పట్టికలో కొలతగా మారుతుంది.

రెండోది, ఎవర్ని అడుగుతున్నారన్నది. పట్టాదారుల జాబితా తీసుకొని అందులోంచి పేర్లు ఎంచుకోవడం తేలిక. కానీ ఆ జాబితాలో కౌలు రైతు ఉండడు. కలుపు తీసే, నాట్లు వేసే ఆడవాళ్ల పేర్లూ చాలావరకు ఉండవు. జాబితాలో లేనివాళ్లకు ఏం జరుగుతుందో మనం చూస్తూనే ఉన్నాం. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు కౌలు రైతుకు అందలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని సంతకం కావాలి. ప్రభుత్వ పథకం వదిలేసిన మనిషిని పరిశోధన కూడా వదిలేస్తే, ఆ మనిషి బాధ ఇక ఏ కాగితంలోకి ఎక్కుతుంది?

మూడోది, ప్రశ్న అడిగే తీరు. ఉచిత కరెంటు వల్ల రైతు నీళ్లు తోడేస్తున్నాడన్న నిర్ణయంతోనే కొందరు వస్తారు. భూగర్భజలం తగ్గుతున్న మాట నిజమే. ఎండిన బోరు పక్కన ఇంకో బోరు వేసి అప్పులపాలయ్యేది మనమే, ఆ నష్టం మనకంటే ఎవరికి బాగా తెలుసు? కానీ వరి ఎందుకు వేస్తున్నావని అడిగినవాళ్లు, జొన్నో కందో వేస్తే మద్దతు ధరకు కొనేదెవరని కూడా అడగాలి. ధర సంగతి వదిలేసి నీటి సంగతి రాస్తే లెక్క సగమే.

రైతులు జవాబులు చెప్పడమే కాదు, కొలవగలరు కూడా. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే నడిపే భూగర్భజల నిర్వహణ పథకం మొదలైంది. దాన్ని ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనేవారు. అందులో రైతులు, ఆడా మగా, ఊళ్లో వానను కొలిచారు, పదిహేను రోజులకోసారి బావుల్లో నీటిమట్టం చూశారు. రబీకి ముందు అందరూ కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఉన్న నీటికి ఏ పంట సరిపోతుందో ఎవరికి వారే తేల్చుకున్నారు. ఎవరూ బలవంతం చేయలేదు. పరిశోధనలో రైతు పాలు పంచుకోవడమంటే అలా ఉండాలి.

కాబట్టి ఊరికి వచ్చే విద్యార్థులను, వాళ్ల గైడ్లను మేము నాలుగు విషయాలు కోరుతున్నాం. ప్రశ్నావళి ఖరారు చేసేముందు గ్రామ కమిటీతో ఒకసారి మాట్లాడండి. కౌలు రైతులను, మహిళా రైతులను, కూలీలను తప్పక కలపండి. కూలి పోగొట్టుకొని జవాబు చెప్పినవాళ్లకు ఆ పూట కూలి ఇవ్వండి. డిసర్టేషన్ సమర్పించేముందు తేలిన విషయాలను తెలుగులో రెండు పేజీలు రాసి ఊరికి చదివి వినిపించండి. తప్పుంటే ఊరివాళ్లు అక్కడే చెబుతారు. అభిప్రాయం వేరైతే ఆ మాట కూడా రాయండి.

మన వైపు నుంచీ చేయాల్సింది ఉంది. ప్రతి గ్రామ కమిటీ ఒక నోటు పుస్తకంలో వాన, బోర్ల లోతు, సాగు ఖర్చు, అమ్మిన ధర రాసి పెట్టాలి. పిల్లలు వచ్చినప్పుడు గుర్తున్నది చెప్పే బదులు ఆ పుస్తకం ముందు పెట్టొచ్చు. మన ఊరికి తేలాల్సిన ప్రశ్నలేవో మనమే రాసి విశ్వవిద్యాలయాలకు పంపొచ్చు కూడా. వచ్చే నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ అంశం చర్చించి, ఊరికి మూడు ప్రశ్నల చొప్పున మండల కమిటీకి పంపాలని సభ్యులందరినీ కోరుతున్నాం.