వెనక సీటు వాళ్ల సంగతేంటి?

సంక్రాంతికి రెండ్రోజుల ముందు... తెల్లవారుజాము నాలుగు గంటలు. హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంటు ముందు కారు డిక్కీ మూత పడనంటోంది. ఎలా పడుతుంది మరి! రెండు సూట్‌కేసులు, చీరల కవర్లు, ఊళ్లో ఇవ్వాల్సిన స్వీటు డబ్బాలు, దారిలో తినడానికి పులిహోర. అందులో పట్టనివన్నీ వెనక సీటు మధ్యలోకీ, వెనక అద్దం కింద ఉన్న అర మీదికీ చేరాయి. స్టీరింగ్ ముందు ఇంటాయన. పక్క సీట్లో ఆయన తండ్రి. వెనక ఓ పక్క తల్లి, ఇంకో పక్క భార్య, ఆవిడ ఒళ్లో ఏడాదిన్నర పాప. కారు కదిలిందో లేదో 'టింగ్ టింగ్' అని మోత మొదలైంది.

''నాన్నా, బెల్టు పెట్టుకోండి. పంతంగి టోల్‌గేటు దగ్గర పోలీసులుంటారు.''

పెద్దాయన పెట్టుకున్నారు. మోత ఆగింది.

''మేమూ పెట్టుకోవాలేమిట్రా?'' వెనక నుంచి తల్లి అడిగింది.

''మీకెందుకమ్మా, వెనకేగా! హాయిగా పడుకోండి.''

పండగ ముందు విజయవాడ హైవే మీద బారులు తీరే కార్లలో చాలావాటిలో వినిపించే మాటలే ఇవి. కొడుక్కి తల్లి మీద ప్రేమ లేకనా? బోలెడుంది. ఎండ తగలకుండా కిటికీకి తెర కట్టాడు, నడుముకి దిండు పెట్టాడు. అంత శ్రద్ధ ఉన్నవాడే ఆవిణ్ని 90 కిలోమీటర్ల వేగంతో పోయే బండిలో ఏ ఆధారమూ లేకుండా కూర్చోబెట్టాడు. బెల్టు పోలీసు కోసమన్నది మొదటి అపోహ. వెనక సీటుకి ఏమీ కాదన్నది రెండోది. మొదటిది జరిమానాల పుణ్యమా అని కాస్త తగ్గింది. రెండోదే మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయింది.

కారు ఆగినా మనిషి ఆగడు

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు చెట్టునో, ఆగి ఉన్న లారీనో గుద్దింది. కారు ఆగిపోయింది. లోపలి మనిషి మాత్రం ఆగలేదు... అదే 60 కిలోమీటర్ల వేగంతో ముందుకు వెళ్తూనే ఉంటాడు, ఏదో ఒకటి అడ్డుపడేదాకా. ఆ వేగంతో గుద్దుకోవడమంటే దాదాపు 14 మీటర్ల ఎత్తు నుంచి కింద పడటమే. అంటే నాలుగంతస్తుల మేడ పైనుంచి! మేడ మీద పిట్టగోడ లేకపోతే పిల్లల్ని అటు వెళ్లనిస్తామా?

ముందు కూర్చున్నవాళ్లకి బెల్టు అడ్డుపడుతుంది. ఎయిర్‌బ్యాగ్ తోడవుతుంది. బెల్టు లేకుండా వెనక కూర్చున్నవాళ్లకి అడ్డుపడేది ముందు సీటు వీపు. ఆ సీట్లో ఉన్నది ఎవరు? బెల్టు పెట్టుకుని జాగ్రత్తగా కూర్చున్న పెద్దాయన. వెనక నుంచి 60 కిలోల మనిషి వచ్చి గుద్దితే ఆ సీటు ఆయన్ని ముందుకు నొక్కేస్తుంది. అంటే వెనకవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే ముందువాళ్ల ప్రాణానికీ ముప్పే. ఈ సంగతి చాలామందికి తట్టనే తట్టదు.

2022 సెప్టెంబర్ 4న అహ్మదాబాద్ నుంచి ముంబయి వస్తున్న ఓ ఖరీదైన కారు పాల్‌ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన గోడను ఢీకొంది. కార్లో నలుగురున్నారు. ముందు సీట్లలోని ఇద్దరూ తీవ్ర గాయాలతో బయటపడ్డారు. వెనక సీట్లలోని ఇద్దరూ చనిపోయారు. వారిలో ఒకరు టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ. వెనక కూర్చున్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2014 జూన్ 3న కేంద్రమంత్రి గోపీనాథ్ ముండే ఢిల్లీలో ఇలాగే పోయారు. ఆయనా వెనక సీట్లోనే ఉన్నారు. వెనక సీటు బెల్టు అలంకారానికే అన్న అపోహ తన మిత్రుణ్ని బలితీసుకుందని అప్పటి ఆరోగ్యమంత్రి హర్షవర్ధన్ బాధపడ్డారు.

నిజానికి మన దగ్గర వెనక సీటంటే పెద్దరికం. యజమాని వెనక, డ్రైవరు ముందు. పెళ్లికొచ్చిన బంధువుల్లో పెద్దవాళ్లు వెనక, కుర్రాళ్లు ముందు. బాలింతని వెనక కూర్చోబెట్టి మెల్లగా పోనిమ్మంటాం. ఎవరిని ఎక్కువ గౌరవిస్తామో, ఎవరి మీద ఎక్కువ ప్రేమో వాళ్లకే ఆ చోటు. తీరా చూస్తే కార్లో బెల్టు లేకుండా ఉండేది కూడా వాళ్లే!

అలాగని ముందు సీట్లోని వాళ్లంతా బుద్ధిమంతులనుకుంటే పొరపాటు. నందమూరి హరికృష్ణ సంగతి తెలుగువారెవరూ మర్చిపోరు. తండ్రి ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్యరథానికి సారథి ఆయనే. వేల కిలోమీటర్లు అలుపెరగకుండా నడిపిన చెయ్యి అది. 2018 ఆగస్టు 29న తెల్లవారాక, అభిమాని ఇంట్లో పెళ్లికని స్వయంగా కారు నడుపుతూ వెళ్తుంటే నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర బండి డివైడర్‌ని ఢీకొంది. ఆయన బయటికి విసిరేసినట్టు పడిపోయారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు తేల్చారు. 'మాకు డ్రైవింగు కొట్టిన పిండి' అనేవాళ్లకి ఇంతకంటే చెప్పేదేముంది?

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో సీటు బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది. అందులో డ్రైవర్లు 8,384. మిగతా 8,331 మంది ప్రయాణికులే. దాదాపు సగానికి సగం!

'బెల్టు వల్లే చనిపోతే?'

గోదావరి జిల్లాల్లోనో కృష్ణా డెల్టాలోనో బెల్టు మాటెత్తితే ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. అక్కడి రోడ్లు చాలావరకు కాలువ గట్ల మీదే ఉంటాయి. 'కారు కాలువలో పడితే బెల్టు తీసుకునేలోపే మునిగిపోమూ?' అంటారు. భయం సహజమే. కానీ నీళ్లలో పడ్డ కార్లోంచి బయటపడాలంటే ముందు స్పృహ ఉండాలి. గట్టు మీంచి దొర్లేటప్పుడు తల పైకప్పుకి కొట్టుకుని మనిషి తెలివి తప్పితే తలుపు తీసేదెవరు? ఆ దొర్లుడులో మనిషిని సీటుకి పట్టి ఉంచేది బెల్టే. తర్వాత ఎర్రమీట ఒక్కటి నొక్కితే ఊడొస్తుంది.

'కదలనివ్వదు, ఊపిరాడదు' అన్నది ఇంకో ఫిర్యాదు. బెల్టును మెల్లగా లాగి చూడండి... ఎంత కావాలంటే అంత వస్తుంది. ఒక్కసారిగా గుంజండి... బిగుసుకుపోతుంది. మామూలుగా కదిలితే వదులుగా, కుదుపు వస్తే గట్టిగా. ఈ పరీక్ష మెకానిక్ అక్కర్లేకుండా ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. గుంజినా బిగుసుకోకపోతే ఆ బెల్టు మార్పించాల్సిందే. ఓసారి పెద్ద ప్రమాదాన్ని తట్టుకున్న బెల్టునైనా అంతే, పైకి బాగానే ఉన్నా మార్చేయాలి.

భుజం మీంచీ నడుం మీంచీ వచ్చే ఈ మూడు బిందువుల బెల్టు వెనక ఓ మంచి కథ ఉంది. దీన్ని రూపొందించింది స్వీడన్‌కు చెందిన నిల్స్ బోలిన్. వోల్వో కంపెనీలోకి రాకముందు ఆయన పని, యుద్ధవిమానాల్లోంచి పైలట్లని బయటికి ఎగరేసే సీట్లు తయారుచేయడం. మనుషుల్ని బయటికి విసిరే సీట్లు చేసినాయనే, విసిరేయకుండా పట్టి ఉంచే బెల్టు చేశాడు! 1959లో వోల్వో కార్లలో అది వచ్చింది. ఆ పేటెంటును వోల్వో తన దగ్గరే దాచుకోలేదు. ఏ కంపెనీ అయినా వాడుకోవచ్చంది. దాచుకుని ఉంటే ఈరోజు మన చిన్న కార్లలో బెల్టు ఎలా ఉండేదో!

బెల్టు పెట్టుకోవడంలోనూ ఓ పద్ధతుంది. కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ భుజం మధ్య నుంచి ఛాతీ మీదుగా రావాలి. కొందరు మెడకి ఒరుసుకుంటోందని చంక కిందుగా పెట్టుకుంటారు... అలా చేస్తే ప్రమాదంలో పక్కటెముకలు విరుగుతాయి. ఇక గర్భిణులు. 'కడుపులో బిడ్డకి నొక్కుకుంటుందేమో' అని అసలే మానేస్తుంటారు. మానకూడదు. కింది పట్టీ పొట్ట అడుగున, తొడల పైభాగానికి ఆనేలా... పై పట్టీ పొట్టకి పక్కగా, ఛాతీ మధ్య నుంచి. తల్లి క్షేమంగా ఉంటేనే బిడ్డ క్షేమం.

అమ్మ ఒడి... కార్లో కాదు

అన్నిటికంటే కష్టమైన మాట ఇది. అమ్మ ఒడిని మించిన చోటు బిడ్డకి ఎక్కడా లేదని నమ్మే జాతి మనది. కార్లో మాత్రం ఆ నమ్మకం పనికిరాదు. 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకుందాం. ఒళ్లో ఉన్న 10 కిలోల పాప ఆ క్షణంలో దాదాపు 140 కిలోల బరువుతో ముందుకు దూసుకుపోతుంది. ఏ తల్లి చేతులు పట్టుకోగలవు? తల్లికీ బెల్టు లేకపోతే ఆవిడ బరువంతా పాప మీదే పడుతుంది. పోనీ ఒకే బెల్టు ఇద్దరికీ కలిపి పెడితే? మధ్యలో నలిగేది పాపే.

దీనికి మందు పిల్లల సీటు. పసిపిల్లలకైతే కారు వెనక వైపు చూసేలా బిగించాలి. వాళ్ల తల బరువెక్కువ, మెడ లేత. వెనక్కి తిరిగి ఉంటే ఆ దెబ్బని వీపంతా పంచుకుంటుంది. అలాంటి సీటును ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. కాస్త పెద్దపిల్లలకి మామూలు బెల్టు మెడ మీదికి వస్తుంది కాబట్టి ఎత్తు సీటు వేసి కూర్చోబెట్టాలి. పిల్లల సీటు కొన్ని వేల రూపాయలవుతుంది. తక్కువేం కాదు. కానీ సీటు కవర్లకీ, మ్యూజిక్ సిస్టమ్‌కీ పెట్టేటప్పుడు ఎవరూ లెక్క చూడరు కదా! పిల్లలు ఏడుస్తారు, నిజమే. బడికి పంపిన మొదటిరోజూ ఏడ్చారు.

చట్టం కూడా వెనక సీటును వదల్లేదు. ముందుకు తిరిగి ఉన్న వెనక సీట్లలోని వాళ్లూ బెల్టు పెట్టుకోవాలని మోటారు వాహనాల నిబంధనల్లో ఎప్పట్నుంచో ఉంది. 2019 సెప్టెంబర్ 1 నుంచి జరిమానా వెయ్యి రూపాయలు. 14 ఏళ్లలోపు పిల్లల్ని బెల్టుతోగానీ పిల్లల సీటుతోగానీ కట్టి ఉంచకపోయినా అంతే.

అయితే చట్టానికి దొరక్కుండా తప్పించుకోవడంలో మన తెలివి అమోఘం. బెల్టు పెట్టుకోకుండానే మోత ఆపేసే ఇనప క్లిప్పులు ఆన్‌లైన్‌లో అమ్ముడుపోయాయి. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఈ-కామర్స్ కంపెనీలకు ఆదేశాలిచ్చి, అలాంటి 13,118 అమ్మకపు ప్రకటనల్ని తీయించింది. వాటిని కొన్నవాళ్లు ఎవర్ని మోసం చేసినట్టు?

ఎయిర్‌బ్యాగులు ఆరున్నాయిగా అనేవాళ్లూ ఉన్నారు. స్టీరింగ్ మీద 'ఎస్‌ఆర్‌ఎస్' అని ఉండే మూడక్షరాల్లో మొదటి అక్షరానికి అర్థం 'అదనపు' అని. బెల్టుకి అది అదనం, బదులు కాదు. రెప్పపాటు కంటే ముందే తెరుచుకునే ఆ సంచి దెబ్బ మామూలుగా ఉండదు. అందుకే డ్రైవరు ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య కనీసం జానెడున్నర దూరం ఉండాలి. డ్యాష్‌బోర్డు మీద కాళ్లు చాపకూడదు. ఎయిర్‌బ్యాగ్ మూత మీద అంటించిన వినాయకుడి బొమ్మ కూడా ఆ వేగానికి రాయిలా ఎగిరొస్తుంది. స్వామిని కాస్త పక్కకి జరిపితే ఆయనేం అనుకోడు. కొత్త కారు కొనగానే గుడికి తీసుకెళ్లి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. ఆ పూజకి ఓ గంట పడుతుంది. వెనక సీటు బెల్టుల బకిళ్లు ఎక్కడున్నాయో చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

వాటి జాడే తెలియని కార్లు బోలెడు మరి. షోరూం నుంచి వచ్చిన వారానికే ఖరీదైన సీటు కవరు వేయించేస్తారు. బకిళ్లు దాని కింద సమాధి అయిపోతాయి. అద్దె క్యాబుల్లో ఇంకా దారుణం, అడిగితే 'వెనక అవసరం లేదు సార్' అంటాడు డ్రైవరు. అవసరం ఉందని చెప్పి తీయించాల్సింది కూర్చున్నవాళ్లే.

ఆ అపార్ట్‌మెంటు ముందు కారు ఇంకా గేటు దాటలేదు. కోడలు ''ఆగండి'' అంది. వెనక సీటు మధ్యలోని సామాను దించారు. చీరల కవర్లు ముందు పెద్దాయన కాళ్ల దగ్గరికి చేరాయి. అద్దం కింది స్వీటు డబ్బాలు పైకి వెళ్లి ఇంట్లో ఉండిపోయాయి, ఊళ్లోనూ కొట్లున్నాయి కదా. మేనమామ పంపితే అటక మీద పడేసిన పిల్లల సీటు దిగింది. సీటు కవరు సందులో చెయ్యి పెట్టి వెతికితే ఓ రూపాయి బిళ్ల, బిస్కెట్ పొడి, ఆఖరికి మూడు బకిళ్లూ దొరికాయి. పాప పది నిమిషాలు గోల చేసి నిద్రపోయింది. బయల్దేరేసరికి ఐదున్నర.

చౌటుప్పల్ దాటాక పెద్దావిడ నెమ్మదిగా అడిగింది, ''ఒరే, టీకి ఆపినప్పుడు ఇదెలా తీయాలిరా?''

''కింద ఎర్రమీట ఉంటుంది, నొక్కమ్మా... అయ్యయ్యో, ఇప్పుడు కాదు!''