కుండ మీది కథ, పటం మీది కథ

ప్రాచీన గ్రీకుల చిత్రిత పాత్రలను హోమరు కావ్యాలకు వేసిన బొమ్మలుగా పరిగణించడం పరిపాటి. ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. క్రీ.పూ. 540-530 ప్రాంతంలో ఏథెన్సు కళాకారుడు ఎక్సీకియస్ ఒక పాత్రపై అకిలీజ్, ఏజాక్స్ పాచికలాడుతున్నట్లు చిత్రించాడు. ఒంటిమీద కవచాలు, చేతుల్లో ఈటెలు అలాగే ఉన్నాయి. వారి నోటి దగ్గర పందెం అంకెలు కూడా రాశాడు: అకిలీజ్‌కు నాలుగు, ఏజాక్స్‌కు మూడు. నేడు వాటికన్‌లో ఉన్న ఈ పాత్ర మీది సన్నివేశం ఇలియడ్‌లో ఎక్కడా లేదు! ఇక్కడ చిత్రకారుడు కావ్యానికి అనుచరుడు కాడు; అతడూ ఒక కథకుడే.

ఈ సంగతి గ్రహించడానికి మనం గ్రీసు దాకా పోనక్కరలేదు. మా శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారిలో కొమురవెల్లి మల్లన్న దర్శనానికి వెళ్లేవారెందరో. అక్కడికి దగ్గరలోనే ఉంది చేర్యాల. అక్కడి నకాషీలు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రని నేపథ్యం మీద గజాల కొద్దీ కథను చిత్రిస్తారు. ఆ పటాన్ని విప్పుతూ కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని, మందెచ్చులవారు గొల్లలకు కాటమరాజు కథను, డక్కలివారు మాదిగలకు జాంబపురాణాన్ని చెబుతారు. వ్యాసుని పురాణాల్లో చోటు దొరకని కులాలకు ఆ పటమే గ్రంథం.

అయితే నేడు నగరవాసులు కొనేది ఆ పటం కాదు. అందులోంచి విడదీసి చట్రంలో బిగించిన ఒక్క సన్నివేశం. చిత్రకారునికి అది జీవనాధారం కనుక తప్పుపట్టలేం. కానీ పటం ముక్కలైతే కథకుడికి పని ఉండదు.

ఫ్లోరెన్సులో ‘ఫ్రాన్స్వా పాత్ర’ అనే గ్రీకు పాత్ర ఉంది. ద్రాక్షాసవంలో నీళ్లు కలపడానికి చేసిన ఆ పాత్రపై 200కు పైగా బొమ్మలు, చాలావాటి పక్కన పేర్లు ఉన్నాయి. 1900లో ఒక కాపలాదారు దాన్ని 638 ముక్కలుగా పగలగొట్టాడు. నిపుణులు మళ్లీ అతికించారు. కానీ దాని చుట్టూ చేరి విందుల్లో చెప్పుకున్న మాటలను, పాడుకున్న పాటలను ఎవరు అతికించగలరు?

మన పటం పాడేవారు ఇంకా ఉన్నారు. ప్రదర్శనశాలలు, విశ్వవిద్యాలయాలు పటాన్ని సేకరించేటప్పుడు కథకుణ్ణి కూడా పిలిపించి, సగౌరవంగా పారితోషికమిచ్చి, కథను ఆసాంతం ధ్వనిముద్రణ చేయాలి. పాట లేని పటం కొంతకాలానికి ఒట్టి రంగుల గుడ్డగానే మిగులుతుంది.